చేతికి తెలిసిన చోటు

వంటయింటిలో పోపులపెట్టె ఉండును. ఆవాలు ఏ గిన్నెలో నున్నవో, మెంతులు ఏ గిన్నెలో నున్నవో ఇల్లాలు చూచి తీయదు. నూనె కాగుచుండగా చేయి తనంతట తానే పోయి అందుకొనును. ఎవరో మేలు కోరియే ఒకనాటి రాత్రి ఆ గిన్నెలను కడిగి వేరు వరుసలో అమర్చిరనుకొందము. పెట్టె మునుపటికన్న అందముగానే ఉండవచ్చును. కాని మరునాటి ఉదయము పోపు మాడును. అది ఇల్లాలి తెలివితక్కువ కాదు.

కంప్యూటరు వాడువారికి ఇట్టి అనుభవమే కలిగిన కథ ఒకటి కలదు. దానిని నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

యంత్రములోని ప్రోగ్రాములనన్నిటిని నడిపించు మూలవ్యవస్థకు ఆపరేటింగు సిస్టము అని పేరు. 1995 ఆగస్టు 24వ తేదీన మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 95 అను సిస్టమును విడుదల చేసినది. అంతకుముందున్న విండోస్ 3.1లో ప్రోగ్రాముల గుర్తులు చిన్న చిన్న గడులలో చెదరియుండెడివి. క్రొత్తవారిని కూర్చుండబెట్టి పరీక్షించినపుడు, ప్రోగ్రామును ఎక్కడ మొదలుపెట్టవలెనో తెలియక వారు తడబడుట సంస్థవారు గమనించిరి. అందుచేత తెర అడుగున ఎడమమూల ఒక మీటనుంచి దానిపై 'స్టార్టు' అని వ్రాసిరి. మీట నొక్కినచో ప్రోగ్రాముల జాబితా, అనగా మెనూ, పైకి తెరచుకొనును. యంత్రమును ఆపుట కూడ అందులోనే. ఆపుటకు 'స్టార్టు' నొక్కుట యేమని నవ్వినవారును ఉండిరి. అయినను లోకము దానికి అలవాటుపడినది.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి ఆ జాబితాను రెండు నిలువు వరుసలుగా మార్చినది. పాతదే కావలెనన్నవారికి 'క్లాసిక్' మెనూను కూడ మిగిల్చినది. 2009 నాటి విండోస్ 7లో ఆ వెసులుబాటు తొలగినది. 2012 అక్టోబరు 26వ తేదీన విండోస్ 8 వచ్చునప్పటికి స్టార్టు మీటయే మాయమైనది. దాని స్థానమున తెరనిండ రంగురంగుల పలకలు వెలసినవి.

సంస్థవారి ఆలోచన అర్థములేనిది కాదు. అది వ్రేలితో తాకి వాడు టాబ్లెట్లు వ్యాపించుచున్న కాలము. అన్ని యంత్రములకును ఒకే ముఖముండవలెనని వారు తలచిరి. కాని మౌసుతో, కీబోర్డుతో పని చేసికొను గుమాస్తాకు, ఉపాధ్యాయునకు ఆ పలకలతో పనిలేదు. వారికి కావలసినది ఎడమమూల. కొత్త ఒక వింత, పాత ఒక రోత అను సామెత ఇచట తలక్రిందులైనది.

మా కార్యాలయములో పెద్దలొకరు ఏండ్ల తరబడి దినదిన కార్యక్రమ పట్టికను కంప్యూటరుపై సిద్ధపరచుచుండిరి. ఒకనాడు వారి బల్లపైకి క్రొత్త యంత్రము వచ్చినది. తొలినాడు వారేమియు అనలేదు. రెండవనాడు ఒక చీటీపై నొక్కవలసిన మీటల వరుసను వ్రాసికొనిరి. వారము తిరుగకముందే పట్టికను చేతితో వ్రాసి తెచ్చి, "ఏమండీ, నాకిక ఇది రాదు. మీరే కొట్టిపెట్టండి" అనిరి. పట్టికలో ఒక్క తప్పు లేదు. వారికి పని రాకపోలేదు. పనికి పోవు త్రోవ మారినది. ఆ మాట మాకు ఆలస్యముగా తట్టినది.

ఇందుకొక ఉపాయము కలదు. 2009లోనే ఐవో బెల్చెవ్ అను ప్రోగ్రామరు క్లాసిక్ షెల్ అను ప్రోగ్రామును వ్రాసి ఉచితముగా పంచిపెట్టెను. పాత మెనూను క్రొత్త సిస్టముపై తిరిగి నిలుపుటయే దాని పని. విండోస్ 8 వచ్చిన పిమ్మట దాని అవసరము బాగుగ తెలిసివచ్చినది. 2017 డిసెంబరులో ఆయన ఆ పనిని విరమించుచు, దాని మూలరచనను అందరికిని విడిచిపెట్టెను. స్వచ్ఛంద కార్యకర్తలు దానిని అందుకొని ఓపెన్ షెల్ అను పేర నడుపుచున్నారు. అందులో మూడు రీతుల మెనూలు కలవు: పాత ఒంటివరుసది, రెండు వరుసలది, విండోస్ 7 వంటిది. షిఫ్టు మీటను అదిమి స్టార్టు నొక్కినచో సిస్టము యొక్క సొంత మెనూ తెరచుకొనును. పాతది వచ్చినంతమాత్రమున క్రొత్తది పోదు.

ఒక హెచ్చరిక. ఇట్టి ప్రోగ్రాములను తయారుచేసినవారు చూపిన చోటనుండియే తెచ్చుకొనవలెను. ముందుగా మన దస్తావేజులకు నకలు తీసి ఉంచుకొనవలెను. 2016 ఆగస్టులో, క్లాసిక్ షెల్‌ను పంచిపెట్టు ఒక స్థలములో దుండగులు చొరబడి, అసలు ప్రతికి బదులు యంత్రమును మొదలుకానీయని ప్రతిని ఉంచిరి. దానిని నమ్మి వాడినవారు నష్టపోయిరి.

తుదకు మైక్రోసాఫ్టువారును కొంత వెనుకకు తిరిగిరి. 2013 అక్టోబరులో విండోస్ 8.1తో మీట తిరిగివచ్చినది గాని, దానిని నొక్కినచో పలకలే కనబడెడివి. 2015 జులై 29వ తేదీన విండోస్ 10తో మెనూయు వచ్చినది. 2021 అక్టోబరులో విండోస్ 11 ఆ మీటను ఎడమమూలనుండి నడిమికి జరిపినది. దీనికి వేరు ప్రోగ్రాము అక్కరలేదు. సెట్టింగ్సులో పర్సనలైజేషను, అందులో టాస్క్‌బారు, అచట అమరికను ఎడమకు మార్చినచో చాలును. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు సాధారణ పోషణ ముగిసినందున ఎన్నియో ఇండ్లలో ఈ ఇల్లు మారుట మరల జరుగుచున్నది.

కావున మీ యింట పెద్దవారికి క్రొత్త యంత్రము తెచ్చినపుడు, ముందొక అరగంట వారి ప్రక్కన కూర్చుండుడు. దినమును వాడు నాలుగు ప్రోగ్రాములు ఏవో వారినే అడుగుడు. వారి చేతికి తెలిసిన చోట వానిని నిలుపుడు. క్రొత్త సంగతులను తరువాత ఒక్కటొక్కటిగ చెప్పవచ్చును.

మా పెద్దలకు మేము ఆలస్యముగానైనను ఇట్లే చేసితిమి. మరునాడు పట్టిక కంప్యూటరునుండియే వచ్చినది. చీటీ కొన్నాళ్లు బల్లపై ఉండి, పిమ్మట కనబడలేదు. ఇపుడు వారు తీరికవేళ షిఫ్టు అదిమి క్రొత్త మెనూను కూడ తెరచి చూచుచున్నారు.