యోగాభ్యాస తరగతి – హాజరుపట్టీ



రజతోత్సవ సభలో నేను గ్రంథాలయ చరిత్రము చెప్పుదునని పలువురు తలంచియుందురు. ఆ పని నాకంటె సమర్థులు చేయుచున్నారు. నేను లెక్కలు వ్రాసి జీవించువాడను. సంస్కృతము బడిలో నేర్చినవాడను గాను. రాత్రులు టీకలు ముందుంచుకొని కూడబలుకుకొన్నవాడను. కావున నా చేతనున్న హాజరుపట్టీని గూర్చియే మాటలాడెదను. ఇది మన మందిరపు వసారాలో సాయంకాలము జరుగు బాలబాలికల యోగాభ్యాస తరగతి పట్టీ. వరుసగా పదునైదు దినములు రాని పిల్లల పేర్లు కొట్టివేయవలెనని సంఘములో నొక ప్రతిపాదన వచ్చియున్నది. దానికి నేనేల సమ్మతింపనో విన్నవించుటకే నిలుచుంటిని.

పిల్లలు చేరుట కష్టము గాదు. ఐక్యరాజ్య సమితి 2014 డిసెంబరు 11న తీర్మానించిన పిమ్మట, 2015 మొదలు ప్రతి యేటను జూన్ 21న యోగదినము జరుగుచున్నది. ఆనాడు మన వసారా చాలక పిల్లలు మెట్లదాక బారులు తీరుదురు. శ్రావణము వచ్చుసరికి పట్టీలో సున్నలు బారులు తీరును. పెద్దలందఱు దీనికి చెప్పు కారణ మొక్కటే: సోమరితనము.

యోగసూత్రముల మొదటి పాదమున పతంజలి అభ్యాసమునకు అంతరాయములు తొమ్మిది చెప్పెను. లెక్కలవాడను గనుక నా దృష్టి వాని వరుసపై నిలిచినది. ఆలస్యము, అనగా మన సోమరితనము, అందు ఐదవది. మొదటిది వ్యాధి. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే మన దేశమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత గలదని తేల్చినది. వంగి లేచునప్పుడు కన్నులు తిరిగిన పిల్ల మఱునాడు రాదు. ఏమని యడిగిన "ఊరకే" యనును. ఆ "ఊరకే" వెనుక నేమున్నదో కనుగొనుటయు, పిల్లను ప్రాథమికారోగ్య కేంద్రమునకు పంపుటయు, 2015లో ఆరంభమైన నులిపురుగుల మాత్రల కార్యక్రమములో ఆమె మాత్ర మ్రింగినదో లేదో విచారించుటయు ఆసనములు నేర్పువారి పని గాదందురా?

ఆ తొమ్మిదింటిలో అలబ్ధభూమికత్వ మనునది యొకటి. ఎంత చేసినను ముందడుగు పడినట్లు తోపకపోవుట. ఎనిమిదేండ్ల బాలుని పద్మాసనమున గూర్చుండబెట్టి కన్నులు మూసికొమ్మనిన, వాడు సాధించిన దేమో వానికి తెలియదు. మైసూరు జగన్మోహన రాజమందిరమున 1930 దశకమున తిరుమల కృష్ణమాచార్యులు బాలురకు యోగము నేర్పిరి. ఊపిరితో జతచేసి, ఒక భంగిమ నుండి వేఱొక భంగిమకు దుముకుచు సాగు పద్ధతిని వారికి అలవరచిరి. అది కసరత్తువలె నున్నదని పెదవి విఱచువారు గలరు. నాకా వివాదముతో పని లేదు. పిల్లలకు ముందు కదలిక, పిదప నిలుకడ అనుట మాత్రము న్యాయముగా తోచుచున్నది. మొన్న మోకాలివఱకే అందిన చేయి నేడు చీలమండ నంటినచో ఆ సంగతి తరగతిలో పైకి చెప్పవలెను.

ఇక వేళను గూర్చి. బడి నాలుగు గంటల ప్రాంతమున విడుతురు. మన తరగతి ఐదున్నరకు. ఈ నడిమి గంటన్నరయే మన పిల్లలను మ్రింగుచున్నది. ఇంటికి పోయిన పిల్లకు ఆకలి, అన్నము తినును. నిండు కడుపుతో ఆసనములు వేయరాదని మనమే చెప్పితిమి గదా. ఇక రానే రాదు. తినకుండ వచ్చినవాడు నీరసించును. మధ్యాహ్న భోజనము అరిగి, సాయంకాలపు ఆకలి ముదురకమున్నే, బడి నుండి తిన్నగా ఇచటికి వచ్చునట్లు వేళ మార్చిన ఈ చిక్కు తీరును. నలువది నిమిషములు చాలును. ముగిసిన వెంటనే తలకొక దోసెడు గుగ్గిళ్ళు పెట్టవలెను. దీని ఖర్చు నేను లెక్క వేసితిని. నేటి వేదికకు కట్టిన పూలదండల వెలతో కొన్నివారములు గడచును. దండలు వేసినవారు కోపగింపకుందురు గాక.

బాలికల గడులలో సున్నలు మఱింత హెచ్చు. కారణములు ఇండ్లలో గలవు. తల్లి పత్తి తీతకు పోయి చీకటి పడువేళకు వచ్చును. అంతదాక తమ్ముని ఎత్తుకొనవలసినది అక్కయే. చంకలో బిడ్డతో వచ్చిన పిల్లను "ఇది బాలవాడి గాదు" అని త్రిప్పి పంపుట నేను చూచితిని. ఆ బిడ్డను వసారా మూలను చాపపై కూర్చుండబెట్టిన మన యోగమునకు వచ్చిన భంగమేమి? పుష్యమాసమున ప్రొద్దు త్వరగా క్రుంకును. ఆడపిల్ల దీపాలవేళకు ఇల్లు చేరనిచో తండ్రి మఱునాడు పంపడు. అది అతని మౌఢ్యమనుట సులభము. వేళ ముందునకు జరుపుట అంతకంటెను సులభము. అన్యమతముల పిల్లలు ప్రార్థనవేళ మౌనముగ నుండవచ్చునని ఆ యిండ్లకు పోయి చెప్పుటయు మన వంతే.

అభ్యాసము చిరకాలము, ఎడతెగక, ఆదరముతో సాగినగాని గట్టిపడదని పతంజలి భావము. మొదటి రెండింటిని మన మెప్పుడును పిల్లలకే చెప్పుచుందుము. ఆ మూడవది పిల్లలయందు పుట్టుటకు ముందు వారికి మననుండి అందవలెను. బహుమతులు పెట్టుదమని కొందఱందురు. బహుమతి వచ్చిన ముగ్గురు నిలుతురు. రానివారు మఱింత త్వరగా వెడలుదురు.

కొట్టివేతను గూర్చి నా వృత్తిలోని మాట యొకటి చెప్పెదను. రాని బాకీ నొకమారు కొట్టివేసిన పిమ్మట వసూలునకు ఎవ్వరును పోరు. పద్దు చూచుటకు శుభ్రముగా నుండును. సొమ్ము మాత్రము రాదు. పట్టీలో పేరున్నంతవఱకు ఎవరో యొకరు ఆ యింటి గడప త్రొక్కుదురు.

కావున నా ప్రతిపాదన యిది. మూడు దినములు రాని పిల్ల యింటికి నాలుగవనాడు సంఘమువారొకరు పోవలెను. మందలించుటకు గాదు, విచారించుటకు. కనుగొన్న కారణము పట్టీలో ఆ పేరున కెదురుగా వ్రాయవలెను. వచ్చు నెల మొదటి తేదీకి క్రొత్త పట్టీ కట్టుచున్నాను. అందు మానివేసిన పిల్లల పేర్లే ముందు వ్రాసితిని. వారి యిండ్లకు పోవుటకు ఒప్పుకొనువారు సభానంతరము నాయొద్దకు వచ్చి తమ పేర్లు చెప్పవలెనని ప్రార్థించుచున్నాను.