సీసాలో అమ్మే ‘సహజం’ – ఒంట్లో లేని రక్తం

(ఏలూరులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల గురించి చర్చించుకునే చోట మునగాకు పొడి గురించీ, స్పైరులినా బిళ్ళల గురించీ మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. కానీ మీరు పనిచేసే ఊళ్ళలో ఏ పొదుపు సంఘం సమావేశానికి వెళ్ళినా ఇప్పుడు ఎవరో ఒకరి సంచీలో ఒక సీసా ఉంటోంది. రక్తం పడుతుందని ఒకటి, నీరసం పోతుందని ఇంకొకటి, నెలసరి సరిగా వస్తుందని మరొకటి, ఒళ్ళు తగ్గుతుందని వేరొకటి. అన్నిటికీ కలిపి ఒకటే హామీ: ‘అంతా ప్రకృతి సిద్ధం, ఏ హానీ ఉండదు’. ఆ సీసాలో పనిచేసే పదార్థం ఏమిటి, అది ఎంత ఉంది, దానివల్ల నిజంగా ఒరిగేదేమిటి, దాని ఖరీదు ఎవరు కడుతున్నారు అన్న ప్రశ్నలు వైద్యానికి సంబంధించినవి మాత్రమే కావు, రాజకీయమైనవి కూడా.

ముందు మన శరీరాల పరిస్థితి చూద్దాం. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకు ముందు 2015–16 సర్వేలో ఇది 60 శాతం. అంటే మధ్యలో గడిచిన సంవత్సరాలలో పెద్దగా మారిందేమీ లేదు. మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలని, స్త్రీకి 29 కావాలని భారత వైద్య పరిశోధనా మండలి 2020లో లెక్కగట్టింది. నెలనెలా పోయే రక్తానికి ఆ తేడా. కానీ ఇంట్లో చివరగా తినేదీ, చేప ముక్కకు బదులు పులుసుతో సరిపెట్టుకునేదీ ఎవరు? ఎక్కువ కావలసిన మనిషికి తక్కువ అందే ఈ ఏర్పాటుకే మనం పితృస్వామ్యమని పేరు పెట్టుకున్నాం. ఆ నీరసం మీదే ఇప్పుడు ఒక వ్యాపారం లేచింది.

మొక్కలలో ఔషధ గుణం లేదని నేను అనడం లేదు. ఆకుకూరలో ఒక పదార్థం స్త్రీల ప్రాణాలు కాపాడుతుందని కనిపెట్టిన చరిత్ర మన దేశానిదే. 1920ల చివర లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు ఒక రకమైన తీవ్ర రక్తహీనతతో చనిపోతున్నారు. వాళ్ళేం తింటున్నారో ఆమె పరిశీలించింది. ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ అనే చౌక పదార్థం ఇస్తే వాళ్ళు కోలుకుంటున్నారని చూసి 1931లో ప్రచురించింది. అందులో పనిచేస్తున్నదేమిటో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో టన్నులకొద్దీ పాలకూర జాతి ఆకు నుంచి ఒక పదార్థాన్ని విడదీసి, లాటిన్‌లో ఆకు అనే మాట మీద దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన లెడర్లీ కంపెనీ బృందానికి నాయకుడు మన పక్కనున్న భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములను స్ప్రూ వ్యాధి పొట్టన పెట్టుకుంది. ఆ వ్యాధికీ ఫోలిక్ ఆమ్లం మందయింది.

సుబ్బారావుగారి పేరు మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. లూసీ విల్స్ పేరు ఎందరికి తెలుసు? తమ రక్తం పరీక్షకిచ్చిన ఆ మిల్లు కార్మిక స్త్రీల పేర్లు అసలే తెలియవు. ఆ చరిత్రలో ఇంకొక పాఠం ఉంది. ఒక పదార్థం మేలు చేస్తుందా లేదా అన్నది దాన్ని విడదీసి, కొలిచి, ఇచ్చి చూస్తేనే తేలింది. ఇవాళ గర్భిణికి ఉచితంగా ఇచ్చే ఇనుము మాత్రలో ఆ ఫోలిక్ ఆమ్లమే 500 మైక్రోగ్రాములు, దానితోపాటు 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటాయి. ఆకు నుంచి మాత్ర దాకా వచ్చిన జ్ఞానం అది. దాన్ని ‘కెమికల్’ అని దూరం పెట్టి, ఎంత ఉందో చెప్పని పొడిని ‘సహజం’ అని కొనిపించడమే ఇప్పటి ప్రచారం చేస్తున్న పని.

మునగాకు సంగతి చూడండి. మంచి ఆకు. కాల్షియం, ఎ విటమిన్‌గా మారే కెరోటిన్ దానిలో పుష్కలం. ఇనుము మాత్రం 100 గ్రాముల పచ్చి ఆకులో సుమారు నాలుగైదు మిల్లీగ్రాములు. ఆకులో ముప్పాతిక వంతు నీరే కాబట్టి ఎండబెడితే 100 గ్రాములు 25 గ్రాములవుతుంది. చెంచాడు పొడి, అంటే 5 గ్రాములు, 20 గ్రాముల పచ్చి ఆకుతో సమానం. అందులో ఇనుము సుమారు ఒక మిల్లీగ్రాము. ఆకుకూరల్లోని ఇనుములో మన ఒళ్ళు పట్టేది ఏ పదో వంతో, అంతకన్నా తక్కువో. నిమ్మరసం పిండుకుంటే, కాస్త చేప కలిపి తింటే ఎక్కువ పడుతుంది. వెంటనే టీ తాగితే తగ్గుతుంది. పెరట్లో చెట్టుంటే పప్పులో వేసుకు తినవలసిన ఆకును వందల రూపాయలు పెట్టి సీసాలో కొని, తీవ్రమైన రక్తహీనత దానితో పోతుందని నమ్మితే నష్టపోయేది ఆ మనిషే. కూరగా తినండి. రోగానికి మందుగా మాత్రం దాని మీద ఆధారపడకండి.

అయితే ఉచిత మాత్రలను ఆడవాళ్ళు ఎందుకు పారేస్తున్నారు? మూర్ఖత్వం వల్ల కాదు. వికారం వస్తుంది, మలబద్ధకం వస్తుంది, విరేచనం నల్లగా అవుతుంది, భయపడతారు. నల్లగా కావడం ఇనుము వల్లేననీ, ప్రమాదం లేదనీ, వికారముంటే అన్నం తిన్నాక వేసుకోవచ్చనీ, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదనీ రెండు నిమిషాలు కూర్చుని చెప్పేవారు లేరు. సీసా అమ్మే ఆమె మాత్రం గంటసేపు కూర్చుంటుంది, కష్టం వింటుంది. ఆరోగ్య వ్యవస్థ ఇవ్వని గౌరవాన్ని మార్కెట్ ఇస్తున్నట్లు కనిపిస్తోంది. వాళ్ళ బలం సీసాలోని పదార్థంలో కంటే ఇక్కడే ఎక్కువ ఉంది.

‘సహజం కాబట్టి హాని లేదు’ అన్న మాట కూడా నిలవదు. కూరలో చిటికెడు పసుపు వేరు, పసుపు నుంచి కర్కుమిన్ తీసి గాఢంగా నింపిన క్యాప్సూల్ వేరు. పసుపులో కర్కుమిన్ నూటికి రెండు నుంచి ఐదు పాళ్ళే, అది ఒంటికి పట్టేదీ తక్కువే. మిరియాలలోని పైపెరిన్ కలిపితే పట్టే శక్తి అనేక రెట్లు పెరుగుతుందని బెంగుళూరు పరిశోధకులు 1998లో చూపించారు. ఇప్పుడు ఆ కలయికనే బిళ్ళలుగా అమ్ముతున్నారు. అలాంటి గాఢమైన ఉత్పత్తులు వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు ఇటలీ వంటి దేశాల్లో నమోదైంది. ఒళ్ళు తగ్గడానికని అమ్మే గ్రీన్ టీ సారంలోని ముఖ్య పదార్థం రోజుకు 800 మిల్లీగ్రాములు మించితే కాలేయానికి ప్రమాదం ఉండవచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో చెప్పింది. ఆడదాని ఒళ్ళు ఇలాగే ఉండాలని శాసించేదీ ఆ మార్కెట్టే, అలా లేనందుకు బిళ్ళలు మింగించేదీ ఆ మార్కెట్టే.

ఏలూరులో నిలబడి సీసం మాట ఎత్తకుండా ఉండలేను. 2020 డిసెంబరులో ఈ ఊళ్ళో ఆరువందల మందికి పైగా మూర్ఛలతో, స్పృహ తప్పి ఆసుపత్రి పాలయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాల పాత్ర గురించీ నిపుణులు చెప్పారు. అంటే మన నీళ్ళూ తిండీ మనకు తెలియకుండానే మన రక్తంలోకి ఏవేవో తెస్తున్నాయి. ఇది ఒక వైపు. ఇంకోవైపు 2004లో అమెరికాలోని బోస్టన్ దుకాణాల్లో కొన్న 70 దక్షిణాసియా ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది. ఇనుము తక్కువైన శరీరం సీసాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. గర్భంలో అది బిడ్డకు చేరుతుంది. రక్తహీనత ఉన్న స్త్రీ, రక్తం పడుతుందని నమ్మి, పరీక్షించని పొడి తినడంలో ఉన్న ప్రమాదం ఇది. ఆయుర్వేదాన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ప్రతి తయారీని పరీక్షించి ఫలితం బయటపెట్టమని అడగడం మన హక్కు.

ఇక అసలు ప్రశ్న: ఈ పదార్థాలన్నీ సీసాలోకి వెళ్ళకముందు ఎక్కడ ఉండేవి? కొల్లేటిలో ఉండేవి. పరిగెలు, జెల్లలు, ఇంగిలాయిలు, మార్పులు, కొర్రమేనులు. గట్ల మీద పొన్నగంటి కూర, నీళ్ళలో తూటికూర. ముల్లుతో సహా నమిలి తినే చిన్న చేపలో కాల్షియం ఉంటుంది, కొన్నిటిలో ఎ విటమిన్ కూడా. బంగ్లాదేశ్‌లో ఇలాంటి చిన్న చేపలే తల్లులకు, పిల్లలకు ఎంత పోషణ ఇస్తాయో పరిశోధించినందుకు శకుంతలా థిల్‌స్టెడ్‌కు 2021లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది. మన దగ్గర 1970ల నుంచి సరస్సు చెరువులుగా మారుతూ వచ్చింది. లీజుల పేరుతో ఆ చెరువులు డబ్బున్నవారి చేతుల్లోకి పోయాయి. వాటిలో పెంచే బొచ్చె, శీలావతి ఐసులో పెట్టి లారీల్లో బెంగాల్, అస్సాం వెళ్తాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో చెరువు గట్లు కొట్టించారు. ప్రతి మలుపులోనూ సరస్సు గురించి, పక్షుల గురించి, పెట్టుబడి గురించి చర్చ జరిగింది. గట్టు మీద కూరాకు కోసుకునే స్త్రీ ఏం తింటోందన్నది ఏ చర్చలోనూ ముఖ్యం కాలేదు. ఉమ్మడి నీటి మీద ఆమెకున్న వాడుక హక్కుకు ఏనాడూ కాగితం లేదు. అందుకే అది పోయినా ఎవరూ లెక్క రాయలేదు.

పామాయిల్ కథా ఇలాంటిదే. మన పెదవేగిలోనే 1995లో ఆయిల్‌పామ్ పరిశోధనా కేంద్రం వచ్చింది. గెలల నుంచి తీసిన ముడినూనె ఎర్రగా ఉంటుంది. ఆ ఎరుపు కెరోటినే. శుద్ధి చేసి ఆ రంగు పోగొట్టి అమ్ముతారు. మళ్ళీ అదే నూనెలో ఎ విటమిన్ కలిపామని ప్యాకెట్ మీద అచ్చువేస్తారు. కెరోటిన్ క్యాప్సూల్ విడిగా ఉంటుంది. ఉన్నదాన్ని తీసేసి, తీసినదాన్ని తిరిగి అమ్మడమే ఈ పద్ధతి. పేదల పోషకాహారాన్ని తిండిగింజలకే కుదించేశారని జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న ఎంతోకాలంగా చెబుతూనే ఉన్నారు. గుడ్డు, పాలు, చేప, మాంసం అడగవలసిన చోట మనల్ని చెంచాడు పొడితో సర్దుకోమంటున్నారు.

అమ్మే స్త్రీలను నిందించడం సులభం. వాళ్ళలో ఎక్కువమంది మనలాంటివాళ్ళే. సంఘంలో అప్పు తీసుకుని సరుకు కొంటారు. తోటికోడలికి, వదినకు, పక్కింటి పిన్నికి అమ్ముతారు. చుట్టరికం అయిపోయాక సరుకు మిగులుతుంది, అప్పు మిగులుతుంది. మనుషులను చేర్పించి డబ్బు తిప్పే గొలుసు పథకాలను 1978 చట్టం నిషేధించింది. ప్రత్యక్ష అమ్మకాలపై 2021లో వచ్చిన నిబంధనలు కూడా అవి కుదరవన్నాయి. చట్టం ఉందని ఆ అప్పులో మునిగినామెకు చెప్పవలసినది మనమే.

రక్తస్రావం ఎక్కువై నీరసపడిన స్త్రీకి ఇవాళ రెండు దారులు తేలిగ్గా దొరుకుతున్నాయి. ఒకటి పొడి, రెండోది గర్భసంచి తీయించుకోవడం. 2015–16 సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. ఆ రెంటికీ మధ్య ఉండవలసిన పరీక్ష, మందు, వివరణ అనే మూడో దారిని మనం అడగాలి.

కనుక మన పని ఏమిటి? మొదట, నీరసమన్న ప్రతి స్త్రీకీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. కారణం ఇనుము లోపమా, బి12 లోపమా, కొంకిపురుగులా, అధిక రక్తస్రావమా అని తేల్చమని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని అడగాలి. మాత్రలు స్టాకు లేకపోతే రాసి ఇవ్వమనాలి. రెండు, సీసా మీద ఉన్నది చదవడం సంఘాల్లో నేర్పాలి. ఆహార అనుబంధమైతే పద్నాలుగు అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య ఉండాలి, వైద్యానికి వాడేది కాదని రాసి ఉండాలి. పనిచేసే పదార్థం ఎన్ని మిల్లీగ్రాములో లేకపోతే ఆ సీసా కొనక్కర్లేదు. నెలసరి, గర్భాశయ సమస్యలు, పిల్లలు కలగకపోవడం, స్థూలకాయం, చక్కెర వ్యాధి నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ కరపత్రాలు దాచి ఫిర్యాదు చేయండి. మూడు, గర్భిణులు, బిడ్డ తల్లులు, బీపీకో చక్కెరకో మందులు వాడేవాళ్ళు డాక్టరుకు చెప్పకుండా ఏ పొడీ మొదలుపెట్టకూడదు. నాలుగు, తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. మునగ, ఆకుకూరల మొక్కలు, విత్తనాలు పెద్ద రైతులకే కాదు, పెరడు ఉన్న స్త్రీలకూ, పెరడు లేనివాళ్ళ కోసం అంగన్వాడీ ఆవరణకూ కావాలని అడుగుదాం. అయిదు, కొల్లేరు గురించి ఏ కమిటీ వేసినా, ఏ కొలత వేసినా, చిన్న చేపల మీద, గట్టు మీది కూర మీద అక్కడి స్త్రీల హక్కును ఆ కాగితంలో రాయించాలి.

తిండి మన హక్కు. పరీక్ష మన హక్కు. మన ఒంట్లోకి వెళ్ళేది ఏమిటో తెలుసుకోవడం మన హక్కు. ఈ మూడూ దక్కిన చోట సీసా అవసరమైన వాళ్ళకే పరిమితమవుతుంది.