తాడు పోయినా మాట పోలేదు



అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఆ మధ్య ఫోనులో, "అత్తయ్యా, ఇవాళ మంచి స్ట్రింగర్ పడింది" అన్నాడు. స్ట్రింగర్ అంటే పట్టిన చేపల్ని మొప్పల్లోంచి గుచ్చి కట్టే తాడట. మన పల్లెల్లో నారకు గుచ్చి తెచ్చేవారు చూడండి, అలాంటిదన్నమాట. "మరి పులుసు పెట్టావా?" అన్నాను. నవ్వాడు. "అన్నీ నీళ్ళలోకే వదిలేశాను" అన్నాడు!

అక్కడ బాస్ అనే చేపను గాలంతో పట్టడం పెద్ద సరదా. 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టిన బాస్ 22 పౌన్ల 4 ఔన్సులు తూగింది. అవి కష్టకాలపు రోజులు. ఇంటిల్లిపాదీ దాన్ని వండుకు తిన్నారు. అప్పట్లో చేపను పట్టడమంటే కూరకే మరి. 1967లో రే స్కాట్ అనే ఆయన బాస్ పోటీలు మొదలుపెట్టాడు. పట్టినవన్నీ చస్తూపోతే రేపు ఏం మిగులుతుంది? అందుకని 1972లో, చేపల్ని చంపకుండా తూచి వదిలే పద్ధతి తెచ్చాడు. తాడు పోయి పడవలోకి నీళ్ళతొట్టి వచ్చింది. దాన్ని లైవ్‌వెల్ అంటారు. అయినా తూకానికొచ్చిన చేపల్ని ఇప్పటికీ స్ట్రింగరనే అంటుంటారు.

మనం మాత్రం? గ్యాసు వెలిగించి "పొయ్యి రాజేశాను" అనమూ! మాట పాతదైతేనేం, పద్ధతి మంచికి మారితే చాలదా?