పాత డోరు నంబరు, కొత్త డోరు నంబరు
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి ముందు మాట్లాడినవారు చెప్పేశారు గనుక నేను మన సభ్యుల జాబితా సంగతి చెబుతాను. మన పి.పి.ఓ. నంబర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు, ఫ్యామిలీ పెన్షనర్ల వివరాలు సంఘం అద్దెకు తీసుకున్న ఒక కంప్యూటరులో ఉన్నాయి. అది ఎక్కడో దూరాన ఉంటుంది. నేను ఇంట్లో కూర్చుని ‘పుట్టీ’ అనే ప్రోగ్రాం ద్వారా దానికి ఆజ్ఞలు టైపు చేస్తుంటాను. సైమన్ టాథమ్ అనే బ్రిటిష్ ఆయన మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాం 1999 నుంచి అందరికీ ఉచితం.

అందులో ‘కనెక్షన్’ అనేచోట ‘ఇంటర్నెట్ ప్రోటోకాల్ వెర్షన్’ కింద మూడు బొత్తాలుంటాయి: ఆటో, ఐపీవీ4, ఐపీవీ6. మన పట్టణాల్లో గోడ మీద పాత డోరు నంబరు, కొత్త డోరు నంబరు రెండూ రాసి ఉంటాయి కదా, ఇదీ అంతే. 1981లో ఖరారైన ఐపీవీ4 పద్ధతిలో ప్రపంచం మొత్తానికి దాదాపు 429 కోట్ల నంబర్లే వస్తాయి. అంతర్జాతీయ నిల్వలోని ఆఖరి కట్టలను 2011 ఫిబ్రవరిలో పంచేశారు. ఈ కొరత రాబోతున్నదని 1990లలోనే ఐపీవీ6 సిద్ధం చేశారు. ప్రస్తుతం రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

‘ఆటో’లో ఉంచితే, కంప్యూటరు పేరుకు కొత్త నంబరుంటే పుట్టీ అటే పోతుంది, లేకుంటే పాతదానికి. నంబరు ఉండి దారి బాగాలేనప్పుడే చిక్కు. నిరుడు లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో అదే జరిగింది. ఇంకా సర్టిఫికెట్ ఇవ్వనివారి జాబితా కావాలి, నల్ల కిటికీ మాత్రం ఎంతసేపటికీ ఉలకదు, పలకదు. ఇంటర్నెట్ ఇచ్చేవారిని అడిగితే “మా వైపు అంతా సవ్యంగానే ఉంది సార్” అన్నారు. మనం ఎరగని జవాబా ఇది! కిటికీ పైన ఎడమ మూలనున్న బొమ్మ నొక్కి ‘ఈవెంట్ లాగ్’ చూస్తే పుట్టీ ఏ నంబరుకు పోతున్నదో తెలుస్తుంది. అది కొత్త నంబరు. ఐపీవీ4 బొత్తాం ఎంచుకుని మళ్లీ ప్రయత్నిస్తే వెంటనే తెరుచుకుంది.

మా మనవడు, “తాతయ్యా, పేరు బదులు పాత నంబరే టైపు చేయొచ్చుగా” అన్నాడు. చేయవచ్చు, కాని నేను ఒప్పుకోను. పుట్టీ మొదటిసారి కలిసినప్పుడు అవతలి కంప్యూటరు గుర్తును మనం టైపు చేసిన పేరు కింద భద్రపరుస్తుంది. ట్రెజరీలో స్పెసిమన్ సంతకం పెట్టుకున్నట్టు. ఆ తరువాత ప్రతిసారీ పోల్చి చూస్తుంది. బొత్తాం మార్చినా పేరు అదే గనుక ఆ సంతకమే పనికొస్తుంది. నంబరు టైపు చేస్తే పుట్టీకి అది కొత్త మనిషి, సంతకం లేదు. “నమ్మమంటారా?” అని అడుగుతుంది. తొందరలో మనం సరేననేస్తాం. అవతల ఉన్నది ఎవరో?

పేరు మార్చకుండా బొత్తాం మార్చినప్పుడు ‘సెక్యూరిటీ బ్రీచ్’ అనే హెచ్చరిక వస్తే మాత్రం ‘కాన్సిల్’ నొక్కి, కంప్యూటరు అద్దెకిచ్చినవారికి ఫోను చేయండి. పాస్‌వర్డ్ కొట్టవద్దు. ఖాతా నంబర్లున్న చోటు అది.

ఐపీవీ4నే శాశ్వతంగా ఉంచమని నేననను. రేపు వారు పాత నంబరు తీసేస్తే అది తెరుచుకోదు. మన సంఘం పేరుతో ఒక సెషన్ ‘ఆటో’లోనూ, ‘పాతదారి’ అనే పేరుతో మరొకటి ఐపీవీ4లోనూ సేవ్ చేసి పెట్టాను. భోజనాలకు ఇంకా అరగంట ఉందట. కోశాధికారిగారి కంప్యూటరులో రెండూ తెరిచి చూపిస్తాను, వెనుక వరుసవారు కూడా దగ్గరికి రండి.