పిల్లల కోసం అప్పు చేసే ముందు ఒక్క రక్తపరీక్ష

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్యంపై చేసిన ప్రసంగం)



పొదుపు గురించి, బ్యాంకు లింకేజి గురించి, స్త్రీనిధి వాయిదాల గురించి అక్కలు చెప్పారు. నేను చెప్పేది కూడా అప్పు సంగతే. అప్పు ఎందుకమ్మా అని అడిగితే గేదెకని, కొట్టుకని, పిల్లల చదువుకని రాయిస్తాం. కొందరు చెల్లెళ్లు మాత్రం 'ఇంటి ఖర్చు' అని రాయించి, ఆ డబ్బుతో విశాఖపట్నం వెళ్లి పిల్లల కోసం వైద్యం చేయించుకుంటున్నారు. నలుగురిలో చెప్పుకోలేరు పాపం.

మా సంఘంలో ఒక చెల్లికి పెళ్లయి ఐదేళ్లు. రెండేళ్లు మందులు, ఇంజక్షన్లు, స్కానింగులు అయ్యాయి. చెవిదిద్దులు తాకట్టుకెళ్లాయి. చివరకు వేరే డాక్టరమ్మ థైరాయిడ్ పరీక్ష రాసింది. చూస్తే బాగా ఎక్కువుంది. బిళ్లలు మొదలెట్టాక నెలసరి దారిలో పడింది. వైద్యం ఇంకా నడుస్తోంది. ఆ పరీక్షకయ్యేది కొన్ని వందల రూపాయలే. ముందే చేయించి ఉంటే ఎంత డబ్బు, ఎంత దుఃఖం మిగిలేదో మీరే ఆలోచించండి.

థైరాయిడ్ అంటే గొంతు ముందు ఉండే చిన్న గ్రంథి. అది తయారుచేసే హార్మోన్ తగ్గితే నెలసరి తప్పుతుంది, లేదా ఎక్కువ రోజులు పోతుంది. అండం సరిగా విడుదల కాదు. కడుపు నిలిచినా పోయే ప్రమాదం ఉంది. నీరసం, బరువు పెరగడం, జుట్టు రాలడం, మలబద్ధకం, చలికి తట్టుకోలేకపోవడం దీని గుర్తులు. మనం ఏటంటాం? 'పని ఎక్కువైంది, రక్తం లేదు' అని వదిలేస్తాం. హార్మోన్ ఎక్కువైనా కష్టమే. గుండె దడ, చేతులు వణకడం, బరువు తగ్గడం ఉంటాయి. కొందరికి ఏ గుర్తూ కనపడదు. అందుకే పరీక్ష కావాలి.

పరీక్ష పేరు టీఎస్‌హెచ్. చేతి నుంచి కొంచెం రక్తం తీస్తారు. దీనికి పరగడుపున ఉండక్కర్లేదు. మామూలుగా 0.4 నుంచి 4 వరకు ఉండాలి, ల్యాబును బట్టి కొంచెం మారుతుంది. పిల్లల కోసం వైద్యం తీసుకునేవారికి 2.5 లోపు ఉండాలని చాలామంది డాక్టర్లు చూస్తారు. అలాగని 3 వచ్చిందని కంగారు పడి మందు కొనుక్కోకండి. అవసరమా కాదా అన్నది డాక్టరే చెప్పాలి. కొందరికి టీ4, యాంటీబాడీ పరీక్షలు కూడా రాస్తారు. జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వేసుకుంటే ముందే చెప్పండి, రిపోర్టు తప్పుగా రావచ్చు.

బిళ్ల ఇస్తే పొద్దున్నే పరగడుపున నీళ్లతో వేసుకోవాలి. టీ, టిఫిను కనీసం అరగంట తర్వాతే. ఐరన్, కాల్షియం బిళ్లలకీ దీనికీ నాలుగు గంటల తేడా ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం: నెల తప్పితే 'కడుపుతో ఉన్నప్పుడు మందులెందుకు' అని అత్తమ్మ అన్నా, ఇంకెవరన్నా బిళ్ల ఆపకండి. మొదటి మూడు నెలలు బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. వెంటనే డాక్టరుకు చెప్పాలి. చాలామందికి అప్పుడు మోతాదు పెంచాల్సి వస్తుంది.

ఉప్పు సంగతి కూడా చెప్పాలి. మన జిల్లాలోనే నౌపడలో ఉప్పు పండుతుంది. మడిలోంచి తీసిన కల్లుప్పులో అయోడిన్ కలిపి ఉండదు. థైరాయిడ్ గ్రంథి పనిచేయాలంటే అయోడిన్ కావాలి. మన దేశంలో గాయిటర్ నివారణ కార్యక్రమం 1962లోనే మొదలైంది. రోజూ కూరలోకి అయోడిన్ ఉప్పే వాడండి, మూత పెట్టి ఉంచండి. కానీ థైరాయిడ్ జబ్బు వచ్చాక ఉప్పే మందు అనుకోవద్దు. అయోడిన్ లోపం లేనివారికీ ఈ జబ్బు వస్తుంది.

ఇంకోమాట. థైరాయిడ్ బాగుంటే పిల్లలు పుట్టేస్తారని నేను చెప్పడం లేదు. కారణాలు చాలా ఉంటాయి, మగవాళ్ల వైపు నుంచీ ఉంటాయి. ఏడాది చూసినా నెల తప్పకపోతే, 35 ఏళ్లు దాటినవారైతే ఆరు నెలలకే, భార్యాభర్తలిద్దరూ వెళ్లాలి. కోడల్ని ఒక్కదాన్నే ఆసుపత్రుల చుట్టూ తిప్పి, పేరంటానికి పిలవకుండా పక్కన పెట్టడం మన ఇళ్లలో ఆగాలి. ఆ మాటలనేది ఎక్కువగా మనమే, ఆడవాళ్లమే.

సమాఖ్యను మూడు విషయాలు కోరుతున్నాను. అప్పు కాగితంలో 'వైద్యం' అని ధైర్యంగా రాయించుకోనివ్వాలి, సంఘంలో గుట్టు కాపాడాలి. పిల్లల వైద్యానికి అప్పు అడిగిన చెల్లిని 'థైరాయిడ్ చూపించావా, మీ ఆయన పరీక్ష చేయించుకున్నాడా' అని నెమ్మదిగా అడగాలి. అయితే పరీక్ష లేదని అప్పు ఆపకూడదు. ఆశ అక్కలను, ఏఎన్ఎం గారిని ఏడాదికి ఒకసారైనా గ్రామ సంఘం సమావేశానికి పిలిచి ఈ విషయం చెప్పించాలి.

పొదుపులో పది రూపాయలు తేడా వస్తే లెక్క తేలేదాకా లేవం. మన ఒంటి లెక్క కూడా అలాగే చూసుకుందాం.