పసిబిడ్డల విరేచనములు – పెద్దల కర్తవ్యము



మదనపల్లె చెంతనున్న అంగళ్లు మొదలుకొని పుంగనూరు, కుప్పముల వఱకు గల పల్లెలలో పసిబిడ్డకు బేదులు పట్టినప్పుడు తల్లి మొదట చూచునది ఇంటి పెద్దల ముఖము. "నీళ్లు పోయకుము, పోసినకొలది పారును" అని పెద్దలనినచో ఆమె పోయదు. కావున నేటి ప్రసంగము తల్లులకంటె మీకే యుద్దేశింపబడినది.

విరేచనములచే బిడ్డ ప్రాణమునకు ముప్పు వచ్చుట తఱచుగా దేహమందలి నీరును, ఉప్పును తఱిగిపోవుటవలననే. తూము చెడి చెరువు నీరు పోవుచుండగా, వచ్చు వాగును గూడ మళ్లించినచో చెరువెండక యేమగును? బిడ్డ విషయమును నట్టిదే.

ఉప్పును, చక్కెరయు సరిపాళ్లలో కలిసిన నీటిని జబ్బుపడిన ప్రేగు సైతము పీల్చుకొనగలదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు వనగాఁవ్ శిబిరమున వాంతిభేదులకు లోనైనప్పుడు డాక్టరు దిలీప్ మహలనబీస్ ఈ నీటినే పీపాలలో నింపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. అంతకుముందు నూటికి 30 మంది వఱకు మరణించుచుండగా, పిమ్మట ఆ సంఖ్య నలుగురికి లోపయ్యెను.

ఓ.ఆర్.యస్. పొట్లములు ఆరోగ్యకేంద్రమునందును, ఆశా కార్యకర్తయొద్దను లభించును. లీటరు పొట్లమును లీటరు శుభ్రమైన నీటిలోనే కలుపవలెను. ఒకదినము దాటినచో పాఱబోయవలెను. పొట్లము దొరకనిచో లీటరు నీటికి 6 టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు, రెండును తలగొట్టి కొలిచి కలుపుడు. ఉప్పు మించినచో హాని. రెండేండ్ల లోపు బిడ్డకు విరేచనమైన ప్రతిసారి అర గ్లాసు వఱకు, చెంచాతో మెల్లగా పట్టవలెను. వాంతియైనచో పది నిమిషములాగి మరల పట్టుడు.

చనుబా లెన్నడును మాన్పరాదు. ఆఱు నెలలు దాటిన బిడ్డకు మెత్తని అన్నము, పప్పు, రాగిజావ, పెరుగు పెట్టవచ్చును. లంఘనము పసివారికి తగదు. జింకు మాత్రలను వైద్యుడు చెప్పిన మోతాదున, విరేచనములు కట్టినను 14 దినములు పూర్తిగా నీయవలెను. విరేచనములను బలవంతముగా కట్టించు మందులు వలదు.

కన్నులు గుంటలు పడుట, మాడు లోతగుట, మూత్రము తగ్గుట, పొట్టచర్మము పట్టి విడిచిన మెల్లగా సర్దుకొనుట, బిడ్డ మత్తుగా నుండి త్రాగలేకపోవుట, మలమున రక్తము – వీనిలో నేది కనబడినను, బిడ్డకు రెండు నెలలు నిండకున్నను, దిష్టి తీయుచు కాలము గడపక ఆసుపత్రికి గొనిపోవుడు. దారిపొడవునను ఆ నీటిని, చనుబాలను పట్టుచునే యుండవలెను.

2016 నుండి మన రాష్ట్రమున రోటా వైరస్ టీకా శిశువులకు ఉచితముగా నిచ్చుచున్నారు. ఆఱవ, పదవ, పదునాల్గవ వారములలో తప్పక వేయింపుడు. మలము కడిగిన చేతిని సబ్బుతో తోముకొనక అన్నము ముట్టరాదు.

ఇకమీదట తల్లి మీ ముఖము చూచినప్పుడు, "నీళ్లు పట్టుమమ్మా" యని పలుకుడు. ఆ యొక్క మాట బిడ్డను నిలుపగలదు.