పలుగు పట్టని పెరడు



కృషి యను మాటకు మూలమైన ధాతువునకు గీచుట, దున్నుట యని యర్థము. కావున దున్నని కృషి యన్నచో అది వదతోవ్యాఘాతము. ‘నా తల్లి గొడ్రాలు’ అనుటవంటిది. ముప్పదియాఱేండ్లు పిల్లలకు తెలుగు చెప్పి 2018లో విశ్రాంతి గైకొన్న నాబోటి వానికి ఇట్టి మాట చెవినిబడగనే ఎఱ్ఱసిరా కలము తీసి దిద్దవలెనని తోచును. ఆ తప్పునే నేడు మీ ముందఱ సమర్థింప వచ్చితిని. పలుగు, పార ముట్టక చలికాలమున పెరటిలో కూరలు పండించుటను నేను గ్రంథముల వలన నేర్వలేదు. నా నడుము నేర్పినది.

మా యిల్లు కృష్ణా డెల్టాలో, నల్లరేగడి నేలమీద నున్నది. రేగడి గుణము ఎఱిగినవారెఱుగుదురు: తడిసినపుడు బంక, ఎండినపుడు ఇటుక, రెంటి నడుమ పదును నిలుచు దినములను వ్రేళ్లపై లెక్కింపవచ్చును. పెరడు రెండు సెంట్లు. దానిని నా సహధర్మచారిణి చూచుకొనెడిది. నేను విస్తరిముందు కూర్చున్నపుడు మాత్రమే తోటను తలచువాడను. 2020లో ఆమె గతించినది. మఱుసటి యేట అటకమీది డబ్బాలో ఒక గుడ్డమూట కనబడెను. అందు చిక్కుడు గింజలు. అవి ఆమె పుట్టినింటినుండి తెచ్చుకొన్న విత్తనము. వెడల్పైన కాయ, ఊదారంగు అంచు. మా పెండ్లియైన నాటినుండి ఏటేట విత్తి, ఏటేట దాచినది. అంగడిలో ఆ రకమును నేనెన్నడును చూచి యెఱుగను.

2021 శ్రావణమున కూలివానిని బెట్టి రెండడుగుల లోతు త్రవ్వించితిని. ఎంత లోతు త్రవ్విన నంత పంట యని మా తండ్రిగారి నాటినుండి వచ్చిన నమ్మకము. నేల తడిగా నుండగా త్రవ్వించుట మాత్రము నా సొంత తెలివి. గడ్డలుగా లేచిన మన్ను నాలుగు నాళ్ల యెండకు ఱాయియైనది. పిమ్మటి వానకు పైన పెచ్చు కట్టినది. నాటిన ముప్పది గింజలలో నాలుగు మొలిచినవి, ఒక్క తీగ నిలిచినది. దాని కాయలను పురుగు తొలువగా మాఘమునాటికి నా చేత దక్కినవి పదునేడు గింజలు. మూటలో నింకేమియు మిగులలేదు.

ఆ పై యేడు నా వెన్నునకు శస్త్రచికిత్స జరిగినది. బరువెత్తరాదు, పలుగు ముట్టరాదు అని వైద్యుడు శాసించెను. ఆ యేడు విత్తలేదు. చిక్కుడు గింజ ఎల్లకాలము మొలక శక్తి నిలుపుకొనదని యెఱిగియు, ఆ పదునేడింటిని అప్పుడప్పుడు విప్పి లెక్కించి మరల ముడివేయుట తప్ప వేఱేమియు చేయనైతిని.

మా ప్రక్కయింటి రైతుతో ఈ సంగతి చెప్పి, త్రవ్వుటకు మనిషిని చూడుమంటిని. అతడు చుట్ట తీసి, “ఏం మాస్టారూ, మాగాణిలో మినుముకి దుక్కి ఎవరు దున్నుతున్నారండీ?” అనెను.

నేను నిరుత్తరుడనైతిని. మా డెల్టాలో పుట్టినవాడెవ్వడు దీనిని చూడలేదు? వరికోతకు రెండు మూడు దినములు ముందుగా, పైరు నిలిచియుండగనే, తడియారని చేలో మినుములో పెసలో చల్లుదురు. కోతగాండ్ర పాదముల క్రిందనే గింజ నేలనంటును. నాగలి లేదు, ఎరువు లేదు, పెక్కుచోట్ల నీరును లేదు. వరి విడిచిన తడియు, చలికాలపు మంచును త్రాగి పైరు పండును. అఱువదియేండ్లు ఆ చేలగట్లమీద నడిచినవాడను. దానిని ఒక పద్ధతిగా ఎన్నడును తలపలేదు.

అటుపిమ్మట పుస్తకములు వెదకితిని. పండితునికి సాక్ష్యము లేనిదే నిద్ర పట్టదు. జపానునందలి షికోకు ద్వీపమున మసనోబు ఫుకుఓకా యనువాడు వరిని, యవలను దున్నకయే పండించి, గడ్డినంతయు మరల చేలోనే పఱచెను. 1975లో వెలువడిన ఆయన గ్రంథము ‘గడ్డిపరకతో విప్లవం’ అను పేర తెలుగులోనికిని వచ్చినది. ఇంగ్లండులోని సోమర్సెట్ ప్రాంతమున చార్లెస్ డౌడింగ్ అను తోటమాలి త్రవ్విన మడిని, త్రవ్వని మడిని ప్రక్కప్రక్కనే పెట్టి, రెంటికిని ఒకే పాటి ఎరువు వేసి, ఏటేట దిగుబడి తూచుచున్నాడు. మొత్తముమీద త్రవ్వని మడియే కొంత హెచ్చిచ్చుచున్నదని ఆయన లెక్క. ఇంక వానపాములనుగూర్చి డార్విను 1881లో ఒక గ్రంథమునే వ్రాసెను. అవి చేసిన సొరంగముల గుండ నీరును గాలియు లోనికి పోవును. మనము పలుగుతో పొడిచిన ప్రతి పోటును ఆ దారులను కూల్చును. అంతేగాక చీకటిలో నిద్రించు కలుపు గింజలను వెలుగులోనికి దెచ్చి లేపును.

శోభకృత్ సంవత్సర నిజ శ్రావణమున, అనగా 2023 ఆగస్టు చివరి దినములలో, ఒక మడి ప్రారంభించితిని. పొడవు పదియడుగులు, వెడల్పు నాలుగడుగులు. అంతకన్న వెడల్పైనచో చేయి నడిమికందదు, త్రొక్కక తప్పదు. త్రొక్కినచో నేల బిగియును. కలుపును పెఱుకక కొడవలితో మొదలంట కోయించి, నేలను తడిపి, ఇంటికి సరకులు వచ్చిన అట్టపెట్టెలను విప్పి పఱచితిని. వానికంటించిన ప్లాస్టిక్ పట్టీలను ముందుగా ఊడదీయవలెను. అట్టమీద అట్ట జానెడు కప్పవలెను. లేనిచో ఆ సందుననే గరిక తల యెత్తును. అట్టలు నానునట్లు తడిపి, పైన బాగుగ మాగిన పశువుల ఎరువు నాలుగంగుళముల మందమున పోయించితిని. వెలుగు లేక క్రింది కలుపు చచ్చును; రెండు మూడు మాసములకు అట్టయు కుళ్లి మన్నగును; వేళ్లు తమంత తాము క్రిందికి దిగును. చిక్కుడు నాటుచోట మాత్రము అట్టను రూపాయి బిళ్లంత చించితిని.

ఇచ్చట ఒక న్యాయమైన ఆక్షేపణ కలదు. ఆ చిన్న మడికి నాలుగంగుళములన్నచో పదుమూడు ఘనపుటడుగులకు పైబడిన ఎరువు. ఇది అందఱకు దొరకునా? దొరకదు. నేనును కొన్నాను. అందుచేతనే ఒక్క మడితో ఆరంభింపుడని చెప్పుచున్నాను. రెండవ యేటినుండి ఒక అంగుళము చాలును. అది పెరటిలో రాలిన ఆకులు, వంటయింటి తొక్కలు, పేడ కలిపి మాగవేసినచో ఇంటనే సమకూడును. మీద వరిగడ్డి కప్పవలెను. ఎండిన వరిగడ్డిని మంటిలో కలిపినచో అది కుళ్లుటకై మొక్కకు చెందవలసిన నత్రజనిని హరించును. పైన పఱచినచో ఆ దోషము లేదు.

పదునేడు గింజలలో పదునాలుగు మొలిచినవి. ఆ యుదయము నేనేమి చేసితినో చెప్పను.

అట్లని నిశ్చింతగా నిద్రపోయితినని తలపకుడు. ఆ డిసెంబరు 5వ తేదీన, కార్తిక బహుళములో, మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గఱ తీరము దాటినది. పందిరి ఒరిగినది. మా వీథిలో త్రవ్విన మళ్లలో మూడు నాళ్లు నీరు నిలిచి వంగ, టమాట వేరుకుళ్లి పోయినవి. నా మడిలో నీరు మఱునాటి సాయంకాలమునకే ఇంకెను. మడి నాలుగంగుళములు ఎత్తుగా నుండుటయు, వానపాముల దారులును ఇందుకు కారణములని నా యూహ. పదునాలుగు తీగలలో తొమ్మిది నిలిచినవి. సంక్రాంతికి ఆ తీగల చిక్కుడుకాయనే వండితిమి.

ఈ పద్ధతిలో దోషములు లేవనువాని మాట నమ్మకుడు. తుంగ దుంప అట్టను సూదివలె గ్రుచ్చుకొని పైకి వచ్చును. దానికి మంత్రము లేదు. కనబడినప్పుడెల్ల కోయుచు పోవుటయే. రెండేండ్లకు సగము తగ్గినది, చావలేదు. మన యెండలకు చెదపురుగు అట్టను, గడ్డిని ప్రీతితో తినును. తడి యుండగా మొక్క జోలికి రాలేదు గాని, ఫాల్గుణమున నీరు తక్కువైనపుడు టమాట మొదలును కొఱికినది. ఇప్పుడు గడ్డిని మొదలికి జానెడు దూరమున నుంచుచున్నాను. మొదటి యేడు ముల్లంగి, క్యారెట్టు ఎరువు దాటి రేగడి తగులగనే వంకరలు పోయినవి. వానిని చూచి మా మనుమరాలు, “తాతయ్యా, ఇవి నీ చేతివ్రాతలా ఉన్నాయి” అన్నది. మూడవ యేటికి కొంత సరియైనవి.

పచ్చిగా తిను ఆకులనుగూర్చి రెండు మాటలు. లెట్టూస్ గింజ వేడిమి హెచ్చుగా నున్న మొలవదు. ఆశ్వయుజమున తొందరపడి చల్లి రెండుసారులు చెడితిని. కార్తికము నడుమ, నీళ్లకుండ ప్రక్క నీడలో, పలుచని మూకుడులో చల్లినచో మొలచినది. గింజకు వెలుగు కావలెను, లోతుగా కప్పరాదు. ధనియాలను మాత్రము రెండు బద్దలగునట్లు నలిపి చల్లవలెను. పాలకూరయు, లెట్టూసును మొక్కను పెఱుకక బయటి ఆకులను గిల్లి, లోపలి నాలుగైదాకులు విడిచినచో మాఘాంతము వఱకు కోతకు వచ్చును. ఎండలు ముదిరిన పిమ్మట లెట్టూస్ కాడ లేచి చేదగును. అప్పుడు ఆవుకు వేయుటయే. ఈ ఆకులను సన్నగ తఱిగి, ముల్లంగి తురుము, నానిన పెసరపప్పు, నిమ్మరసము కలిపి మా యింట తినుచున్నాము. దీనిని కోసంబరి యనవలెనా, సలాడు అనవలెనా యన్న వాదము ఇంకను తెగలేదు.

ఈ యేడు నా బావమఱది యింటినుండి కబురు వచ్చినది. అచ్చట ఆ చిక్కుడు విత్తనము ఎన్నడో నశించినదట. మీయొద్ద నేమైన నున్నదా యని యడిగిరి. మూట విప్పి అఱువది గింజలు లెక్కించి పంపితిని. త్రవ్వవలదని ఒక చీటియు వ్రాసి అందు పెట్టితిని. చదివి నవ్విరో, అట్లే విత్తిరో, ఇంకను తెలియరాలేదు.